టీచరమ్మ సెలవులకు పోయింది

ఆ ఏడు వేసవి సెలవులకు గూడూరు పోనని కరుణాకుమారి టీచర్ల గదిలో పైకి అనేసింది. అనేశాక, అన్నది తనేనా అని తనకే అనుమానం వచ్చింది.

కావలిలో మిషన్ ఆడపిల్లల బడిలో ఆమె లెక్కలు చెప్పేది. నలభై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. ప్రతి వేసవీ బడి మూసిన మర్నాడే ట్రంకుపెట్టె సర్దుకుని రైలెక్కి, గూడూరు స్టేషన్లో గూడ్సు క్లర్కుగా ఉన్న తమ్ముడు తిమోతి ఇంటికి పోయేది. అక్కడ మామిడికాయలు తరగడం, వడియాలు పెట్టడం, పిల్లలకు ఏడాదికి సరిపడా గౌన్లూ చొక్కాలూ కుట్టడం, మరదలు రెబెక్కమ్మకు కాన్పు వస్తే పురుడు పొయ్యడం. బడి తెరిచే వేళకు నడుం పట్టుకుని కావలికి తిరిగొచ్చేది. వాటినే సెలవులనుకుంది ఇన్నేళ్ళూ.

1961లో మాత్రం ఎండలు మొదలైన దగ్గర్నుంచీ ఆమెకు కాలు నిలవలేదు. పాఠం మధ్యలో సుద్దముక్క పట్టుకునే కిటికీ దాకా పోయి నిలబడేది. హాస్టలు గదిలో మంచాన్ని ఈ గోడ నుంచి ఆ గోడకు జరిపి, మళ్ళీ వెనక్కి జరిపేది. ఫలానాది కావాలని లేదు, ఉన్నచోట ఉండబుద్ధి కావడం లేదు.

"ఎక్కడికన్నా పోవాలనుంది. ఎట్టా పోవాలో తెలియబళ్ళా" అంది తోటి టీచర్లతో.

తలా ఒక సలహా చెప్పారు. హెడ్‌మిస్ట్రెసు కొడైకెనాల్ పోయొచ్చిన మనిషి. "కొండలకైతే ఇప్పుడు లేచి పోతే గది దొరకదు, జనవరిలోనే మాట్లాడుకోవాలి, ఉన్ని శాలువ లేకుండా పోవద్దు" అంది. కుట్టుపని నేర్పే వెంకటశేషమ్మ కాశీ, రామేశ్వరం చూసొచ్చింది. ఆమె ఇంకాస్త ఆలోచించి చెప్పింది.

"యాత్రలంటే పదిమందితో పొయ్యేవి. వాళ్ళు లేచినప్పుడు లేవాల, వాళ్ళు తిన్నప్పుడు తినాల. నీకు కావాల్సింది అది కాదు. నువ్వు సముద్రానికి పో. దగ్గర. కాకపోతే మంచినీళ్ళు యాడ దొరుకుతాయో ముందు కనుక్కో, ఆ ఉప్పునీళ్ళతో పప్పు ఉడకదు. పాతచీరలు తీసుకుపో, ఇసక పట్టిందంటే ఇక వదలదు. చింతపండు, మిరపకాయలు ఇక్కణ్ణించే మోసుకుపోవాల. అన్నిటికంటే ముఖ్యం, చుట్టాలకు చెప్పబాకు."

కరుణాకుమారి అన్నీ పాటించింది, చివరిది తప్ప. ఎప్పుడొస్తున్నావని తిమోతి కార్డు రాస్తే ఆమెకు అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. ఈసారి రావడం లేదనీ, బోగోలుకు తూర్పున సముద్రపొడ్డున చర్చి పెద్ద అబ్రహాముగారి పెంకుటిల్లు ఖాళీగా ఉంటే అడిగి తీసుకున్నాననీ, నెలపాటు అక్కడే ఉంటాననీ ఉన్నదున్నట్టు రాసేసింది.

బిట్రగుంటలో రైలు దిగి, ఎద్దులబండి మాట్లాడుకుని, బకింగాం కాలవ దగ్గర బల్లకట్టు దాటి, సరుగుడు తోపుల మధ్య ఇసకలో నడిచి ఆ ఇల్లు చేరింది. ముందు వసారా, ఒక గది, వెనక తాటాకు కప్పిన వంటిల్లు. ఎదురుగా సముద్రం. పక్కనే చేపలు పట్టుకునే పట్టపువాళ్ళ పాలెం. మంచినీళ్ళు ఒక ముసలాయన పొద్దున్నే కావిడితో తెచ్చి పోసేట్టు ఒప్పుకున్నాడు. వెంకటశేషమ్మ చెప్పినట్టే చింతపండుతో సహా అన్నీ సర్దిపెట్టుకుంది.

సముద్రం చూసింది. బాగుంది. ఇంకా చూసింది. ఇంకా బాగుంది. ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచలేదు.

ఒక్క మనిషికి వంటెంత? పొయ్యి ఇలా వెలిగించి అలా ఆర్పెయ్యడమే. ఊడ్చిన ఇల్లే మళ్ళీ ఊడ్చింది. గాలి తెచ్చిపోసిన ఇసకను చీపురుతో బయటికి నెడితే గాలి మళ్ళీ లోపలికి తెచ్చేది. వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుంటే వీపు కుర్చీకి ఆనేది కాదు, ఎవరో పిలుస్తారన్నట్టు అంచునే కూర్చునేది. ఎవరూ పిలవరు. అలలొకటే. ఆ అలలకు కూడా కుదురు లేదు. విశ్రాంతి కోసం వచ్చిన మనిషి విశ్రాంతి ఎక్కడుందో వెతుక్కుంటూ ఇంట్లోంచి వసారాలోకీ, వసారాలోంచి ఒడ్డుకూ తిరిగింది. నీళ్ళలోకి మాత్రం దిగలేదు. చీర తడిస్తే ఎవరన్నా చూస్తారని భయం.

చివరికి సముద్రానికి వీపు తిప్పి కాలవ వైపు నడవడం అలవాటు చేసుకుంది. అక్కడన్నా మనుషులుంటారు. ఒడ్డున ఒక పెద్ద పడవ కట్టేసి ఉండేది. తోపుల నుంచి బండ్లొచ్చి సరుగుడు కట్టెలు దింపిపోతుంటే దాంట్లోకి ఎక్కిస్తున్నారు. పడవ హజరత్తయ్యది. అతనూ, పెళ్ళాం పెంచలమ్మా దాంట్లోనే కాపురం. వెనకభాగాన చాపలు కప్పిన చిన్న గూడు, దాని ముందు మట్టిపొయ్యి.

"పొద్దునా సాయంత్రం తిరగతా ఉండారు, ఏమన్నా పోగొట్టుకున్నారా టీచరమ్మా?" అని పెంచలమ్మ అడిగింది ఒకరోజు.

"సెలవులకొచ్చినానమ్మా."

పెంచలమ్మకు అర్థం కాలేదు. ఐనా నవ్వి, కూర్చోమని కట్టెదుంగ చూపించింది. మద్రాసు దాకా పోతుందట ఆ పడవ. ఇప్పుడు దక్షిణం గాలి ఎదురు కొడుతోంది కాబట్టి తెరచాప పనికిరాదు, మనుషులు ఒడ్డు మీద నడుస్తూ మోకు పట్టి లాగాల్సిందేనట. కరుణాకుమారి ప్రతిదీ అడిగింది. ఎక్కడెక్కడ ఆగుతారు, పెన్న ఎట్టా దాటుతారు, వానొస్తే ఎట్టా. అడుగుతున్నంతసేపూ ఆమె మనసు కాస్త కుదురుగా ఉంది.

అలాంటి ఒక మధ్యాహ్నం, ఆమె ఇల్లు చేరేసరికి ఎద్దులబండి వాకిట్లో ఉంది. తిమోతి సామాను దింపుతున్నాడు. పిల్లలు ముగ్గురూ అప్పటికే నీళ్ళ వైపు పరిగెత్తుతుంటే, రెబెక్కమ్మ వెనకనే కేకలేస్తోంది.

"అక్కా! ఒక్కదానివే ఏం తోస్తాదని మేమే వచ్చేసినాం. లీవు పెట్టినా. పిల్లలు సముద్రం సముద్రం అని చంపేస్తుండారు."

నిజం చెప్పాలంటే కరుణాకుమారికి ప్రాణం లేచొచ్చింది. చీర బొడ్లో దోపుకుని నేరుగా వంటింట్లోకి పోయింది. పాలెం వాళ్ళ దగ్గర చేపలు తెప్పించింది, మసాలా నూరింది, పులుసు కాచింది. చిన్నదానికి తలంటి నీళ్ళు పోసింది. అందరూ తింటూ, పిల్లలు "ఈ పులుసు ఇంకెవరూ కాయలేరు అత్తా" అంటుంటే ఇన్నాళ్ళకు కడుపు నిండినట్టనిపించింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడు సాయంత్రం వంటింటి వెనక కూర్చుని రొయ్యలు ఒలుస్తుంటే, వసారాలో మాటలు గాలికి ఇటే వచ్చాయి.

"వదిన పొద్దుట్నుంచీ పొయ్యి కాడే ఉండాది. రేపు నేను చేస్తాలే" అంది రెబెక్కమ్మ.

"ఊరుకో. అక్కకు పనుంటేనే తోస్తాది. పన్లేకపోతే పిచ్చెక్కుద్ది. మనమొచ్చి మంచిపనే చేసినాం" అన్నాడు తిమోతి. ఎగతాళిగా అనలేదు. ప్రేమగానే అన్నాడు.

కరుణాకుమారికి కోపం రాలేదు. అది నిజమే అనిపించింది. నలభై దాటిన మనిషి, ఒక కుర్చీలో వీపు ఆనించి కూర్చోవడం రాక, మళ్ళీ అదే పొయ్యి దగ్గరికి సంబరంగా వచ్చి చేరింది. రొయ్యల గిన్నె పక్కన పెట్టి చేతులు చూసుకుంది. ఈ చేతుల్ని వీళ్ళకందనిచోటికి తీసుకుపోవాలి. అదొక్కటే తోచింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తెల్లవారి అందరూ కాఫీ తాగుతుంటే, చేతిసంచితో వచ్చి వసారా మెట్ల మీద నిలబడింది.

"నేను పోతుండా."

"చేపలకా అక్కా? వంజరం దొరికితే పట్టుకురా" అన్నాడు తిమోతి.

"చేపలకు కాదురా. సెలవులకు."

తిమోతి నవ్వాడు. "ఇప్పుడుండేది సెలవుల్లో కాదా?"

"మీరుండారు. నేను ఇప్పుడు పోతుండా. బియ్యం డబ్బాలో ఉండాయి. నీళ్ళాయన వచ్చేసరికి కుండలు కడిగి పెట్టుకోండి, లేకపోతే ఆగడు. పొయ్యేటప్పుడు తాళం అబ్రహాముగారికి ఇచ్చిపోండి."

తిమోతి నోట్లో కాఫీ నోట్లోనే ఉంది. రెబెక్కమ్మ గడపలో చిన్నదాన్ని చంకనేసుకుని నిలబడి చూస్తోంది. ఆ చూపు కరుణాకుమారి గమనించింది. గమనించి కూడా ఆగకుండా ఇసకలోకి నడిచింది.

కాలవొడ్డున కట్టెలెక్కించడం అయిపోయి హజరత్తయ్య మోకు విప్పుతున్నాడు.

"ఇది కట్టెల పడవమ్మా, మీబోటి వాళ్ళు కూర్చునే చోటు లేదు" అన్నాడు.

"కట్టెల మీద కూర్చుంటా."

"మద్రాసుకా?"

"ఎందాకా బాగుంటే అందాకా."

హజరత్తయ్య తల గోక్కుని పెళ్ళాం వైపు చూశాడు. పెంచలమ్మ అప్పటికే చెయ్యి అందించింది.

పడవ కదిలింది. ఒడ్డు మీద ఇద్దరు మనుషులు భుజాన మోకు వేసుకుని వంగి నడుస్తున్నారు. హజరత్తయ్య గెడ వేసి తోస్తున్నాడు. సరుగుడు తోపులు, ఉప్పుమళ్ళు, మధ్యమధ్య తాటిచెట్లు, నీళ్ళలో ఒంటికాలి మీద కొంగలు. విడవలూరు వైపు పొలాల్లో కోత అయిపోయి గడ్డి ఎండుతోంది. కరుణాకుమారి కట్టెల మీద కూర్చుని, చాలాసేపటికి ఒక సంగతి కనిపెట్టింది. తన వీపు వెనక కట్టెల మోపుకు ఆనింది. పడవే కదులుతోంది, తను కదలాల్సిన పని లేదు. అలానే కళ్ళు మూసుకుంది.

అయితే పడవ ఆగినప్పుడల్లా ఆమెకు ఉండలేనితనం మళ్ళీ మొదలయ్యేది. ఎందుకాగాం, ఎప్పుడు పోతాం అని హజరత్తయ్య ప్రాణం తీసేది. పెన్న సముద్రంలో కలిసే చోట కాలవ నదిలోంచి దాటాలి. వేసవి కదా, నీళ్ళు తగ్గిపోయి పడవ ఇసకమేట మీద కూరుకుపోయింది. పోటు వచ్చిందాకా ఇంతే అన్నాడు హజరత్తయ్య. కరుణాకుమారి కాసేపు ఓర్చుకుంది.

"అందరం దిగి నెడితేనో?"

"నెట్టొచ్చు గానీ, మొగోళ్ళం ముగ్గురమే గదమ్మా."

"ఆడోళ్ళం ఇద్దరం లేమా?"

దిగేసింది. తెల్లచీరతో నడుంలోతు నీళ్ళలోకి. పాదాల కింద ఇసక జారిపోతుంటే కెవ్వుమని అరిచి, పడవ అంచు పట్టుకుని నిలదొక్కుకుంది. అందరూ భుజాలు ఆనించి నెట్టారు. పడవ రాలేదు. మళ్ళీ నెట్టారు. మూలిగి, జరిగి, ఉన్నట్టుండి పడవ ముందుకు పోయేసరికి కరుణాకుమారి ముఖం నీళ్ళలో పడింది. లేచి, ముక్కులో నీళ్ళు, కొప్పు వీడిపోయి, నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేకపోయింది. చూసేవాళ్ళు చూడనీ. పెంచలమ్మ ఆమెను పట్టుకుని పైకి లాగుతూ తనూ నవ్వింది.

చీరలు ఆరేసుకుంటూ ఆ సాయంత్రం పెంచలమ్మ మనసు విప్పింది.

"మీరేమో పడవెక్కాలని వచ్చినారు. నాకైతే ఒక్క నెల కదలని ఇంట్లో పడుకోవాలనుండాదమ్మా. తలుపేసుకోవాల. ఎవురూ లేపగూడదు. పొద్దున లేస్తే నిన్న చూసిన గోడే కనపడాల."

కరుణాకుమారి చీర కొంగు పిండుతూ ఆ మాటలే తలచుకుంది. కదలని ఇల్లు, తలుపేసుకోవడం, ఎవరూ లేపకపోవడం. అలాంటి ఇల్లు ఒకటి ఇప్పుడు గూడూరులో ఖాళీగా ఉంది. ఆ ఇంటి వాళ్ళంతా తన ఇంట్లో ఉన్నారు.

కృష్ణపట్నం దాటాక, ఉప్పు ఎగుమతి చేసే రేవులో దిగేసింది. పెంచలమ్మ ఎండుచేపల పొట్లం చేతిలో పెట్టింది. కరుణాకుమారి తన సంచిలో ఉన్న మంచి దుప్పటి తీసి ఇచ్చింది. ఉప్పుబండి మీద చిల్లకూరు దాకా, అక్కణ్ణించి బస్సులో గూడూరు.

తాళం పక్కింటి రాఘవమ్మ దగ్గరుంది. "వాళ్ళు మీ దగ్గరికే వస్తిరి గదా!" అని ఆమె ముక్కు మీద వేలేసుకుంది.

"వచ్చినారు. అక్కడే ఉండారు. హాయిగా ఉండారు" అంది కరుణాకుమారి.

లోపల అడుగుపెట్టగానే వంటింట్లో జిడ్డు కారే దీపంగూడు ఆమె కంటబడింది. చెయ్యి తనంతట తనే తోమడానికి చింతపండు తొక్కు కోసం వెతికింది. చెయ్యి వెనక్కి లాక్కుని వంటింటి తలుపు మూసి గొళ్ళెం పెట్టేసింది. పూటకూళ్ళమ్మ దగ్గర్నుంచి భోజనం తెప్పించుకునేట్టు రాఘవమ్మతో మాట్లాడుకుంది. ప్రతి ఏడూ వెనక పంచలో రుబ్బురోలు పక్కన చాప పరుచుకునే మనిషి, ఈసారి ముందుగదిలో పందిరిమంచం మీద పడుకుంది.

నిద్ర తేలిగ్గా రాలేదు. స్టేషన్లో ఇంజను కూత వేస్తే లేచి కూర్చునేది. పిల్లలేం తింటున్నారో, చిన్నదానికి ఎండ దెబ్బ తగిలిందేమో అని గుండె పీకేది. లేచి బయటికి వెళ్ళి రైల్వే గేటు దాకా నడిచి వచ్చేది. ఐతే ఒక మధ్యాహ్నం మాత్రం పడుకున్నది పడుకున్నట్టే దీపాలవేళ దాకా నిద్రపోయింది. లేచాక ఎక్కడున్నదీ కొంతసేపు తెలియలేదు. అంత నిద్ర తన ఎరుకలో ఎప్పుడూ లేదు.

వాళ్ళు అనుకున్నదానికంటే ముందే వచ్చేశారు. జట్కా దిగి, తాళం లేని తలుపు చూసి తిమోతి దొంగలనుకున్నాడు. కర్ర పట్టుకుని లోపలికొస్తే, అక్క మంచం మీద కూర్చుని తల దువ్వుకుంటోంది.

"అక్కా! నువ్విక్కడా?"

"ప్రతి ఏడూ ఇక్కడికే గదరా రమ్మనేది!"

"పడవెక్కినావని పాలెంలో చెప్తే, మద్రాసు పొయ్యావేమో, మునిగిపొయ్యావేమో అని నేను ఛస్తుంటే! చెప్పి పోవద్దా?"

"చెప్పే పోయినా. నువ్వు వంజరం తెమ్మన్నావు."

పెద్దపిల్లకు నవ్వాగలేదు. "అత్తా, నాన్న అన్నం మాడ్చేసినాడు. మేం సముద్రం కాడ మరమరాలే తిన్నాం."

రెబెక్కమ్మ మాత్రం నవ్వలేదు. సామాను ఒకవైపు పెట్టి, వంటింటి గొళ్ళెం తీసి లోపలికి పోయింది. కరుణాకుమారి వెనకే వెళ్ళింది.

"మీకు కోపమొస్తే పడవెక్కినారు" అంది రెబెక్కమ్మ, పొయ్యిలో బూడిద తోడుతూ. "నాకు కోపమొస్తే నేను ఏమెక్కాల వదినా?"

ఆరోజు సముద్రపొడ్డు ఇంటి గడపలో చంకన పిల్లతో నిలబడ్డ మనిషి కరుణాకుమారి కళ్ళముందు కదిలింది. తన చేతులు తను తీసుకుపోతే ఆ పొయ్యి ఎవరి చేతుల్లో పడుతుందో ఆవేళ ఆమె ఆలోచించలేదు.

"మీరు పోయిన మర్నాడు నేనూ లేవలా. ఇసకలో పోయి కూర్చున్నా. పిలిచినా రాలా. అందుకే ఆయన వండినాడు. ఆ తర్వాత పిల్లలు ఏడుస్తుంటే మళ్ళీ లేచినా" అంది రెబెక్కమ్మ. ఏడుపు రాకుండా పళ్ళు బిగబట్టింది.

"తప్పు నాదే. నిన్ను తలచుకోకుండా పోయినా" అంది కరుణాకుమారి. బూడిద చేట ఆమె చేతిలోంచి తీసి కింద పెట్టింది. "నీకు యాడికి పోవాలనుంది?"

రెబెక్కమ్మ అలాంటి ప్రశ్న ఎప్పుడూ విననట్టు చూసింది. ఎవరూ ఆమెను అది అడిగిన పాపాన పోలేదు. చాలాసేపు ఆలోచించింది.

"యాడికని లేదు. రైల్లో కిటికీ పక్కన కూర్చోవాల. ఒళ్ళో పిల్ల లేకుండా. ఎవరికీ అన్నం కలిపి పెట్టకుండా." ఆగి, "వేలూరు ఆసుపత్రిలో మగ్దలీన నర్సుగా ఉండాది. మేమిద్దరం బళ్ళో ఒకే బెంచీ. రమ్మని ఎన్నిసార్లో రాసింది" అంది.

"నీ మొగుడికి రైలు పాసుంది గదా. పో."

"పిల్లలు?"

"నేనుంటా బడి తెరిచిందాకా. వంట మాత్రం చెయ్యను. అది వాడి సంగతి."

తిమోతి మొదట గింజుకున్నాడు. ఆడమనిషి ఒక్కతే అంత దూరమా అన్నాడు, ఆఫీసుకు పోయేవాణ్ణి వండేదెప్పుడు అన్నాడు, రాఘవమ్మ ఏమనుకుంటుందన్నాడు. అక్క ఏదీ వాదించలేదు. అదే మంచం మీద కూర్చుని వింది. చెప్పాల్సినవన్నీ అయిపోయాక అతనే చొక్కా తొడుక్కుని పాసు రాయించడానికి స్టేషన్‌కు పోయాడు.

ఆ సాయంత్రం కరుణాకుమారి మరదలికి తనకు తెలిసిందంతా చెప్పింది. చేత్తో పట్టుకోలేనంత సామాను పెట్టుకోవద్దంది. పోయేటప్పుడు ఎడమచేతి కిటికీ పట్టుకుంటే పొద్దుటి ఎండ పడొచ్చు, చూసి కూర్చోమంది. తిరిగొచ్చే రోజు ముందే గట్టిగా చెప్పి పోవద్దంది. మగ్దలీన ఇంట్లో ఊరకుండలేక వంటింట్లోకి దూరబోతావు, అక్కడే పళ్ళు బిగబట్టాల, అంది. రెబెక్కమ్మ తల ఊపుతూ, మధ్యలో లేచి చీర మార్చి ఇంకో చీర పెట్టి, మళ్ళీ మొదటిదే పెట్టింది.

వేలూరు వైపు పోయే కాట్పాడి బండి కదిలేటప్పుడు చిన్నది ఏడ్చింది. రెబెక్కమ్మ కూడా కళ్ళు తుడుచుకుంది గానీ దిగలేదు. ప్లాట్‌ఫారం దాటకముందే ఆమె ముఖం అవతలి వైపుకు తిరగడం అందరూ చూశారు.

ఆ తర్వాత రోజుల్లో తిమోతి వండాడు. ఉప్పు తక్కువో ఎక్కువో వేశాడు. చారు మరిగి పొయ్యిలో పడుతుంటే కరుణాకుమారి అరచేతులు దురదపెట్టేవి. ఆ ఇంట్లో ఉంటే గరిటె లాక్కుంటానని భయపడి పిల్లల్ని వెంటేసుకుని పట్టాల వెంబడి, తోటల వెంబడి తిరగడానికి పోయేది. తిరిగొచ్చేసరికి అన్నం అయ్యుండేది. మొదట్లో విసుక్కున్న తిమోతి తర్వాత్తర్వాత పులుసులో ఏం తగ్గిందో చెప్పమని ఆమె ముఖం వంక చూసేవాడు. ఆమె చెప్పేది, చెయ్యి మాత్రం పెట్టేది కాదు.

రెబెక్కమ్మ అనుకున్నదానికంటే నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది. బండి దిగుతూనే మొదలుపెట్టింది. గుట్టల్లోంచి రైలు పోయిందట, కిటికీ పక్కన కూర్చుని వేరుశెనక్కాయలు ఒక్కతే తినిందట, మగ్దలీన వంటింట్లోకి ఒకేసారి దూరిందట. స్టేషన్ బయటికొచ్చినా మాటలు ఆగలేదు. వెనక తిమోతి సంచి మోస్తూ, పిల్లలు కొంగు పట్టుకుని.

కరుణాకుమారి వింటూనే ఉంది గానీ కళ్ళు మాటిమాటికీ పట్టాల వైపు పోతున్నాయి. బడి తెరవడానికి ఇంకెన్నో రోజులు లేవు. మధ్యలో ఆపి అడిగింది.

"కాట్పాడి నుంచి నీలగిరి కొండలకు పొయ్యే బండి ఎప్పుడుందో కనుక్కున్నావా?"

రెబెక్కమ్మ నడక ఆపింది. వెనక్కి తిరిగి మొగుడి చేతిలో సంచి చూసుకుంది. మళ్ళీ వదిన పక్కకు వచ్చి నడుస్తూ, గొంతు తగ్గించి ఆ బండి వేళలు చెప్పడం మొదలుపెట్టింది.